కిరాయి జనం కాదు, అడిగే జనం కావాలె

ఎన్నికలు వస్తున్నాయని ఊరికి ఎట్లా తెలుస్తుంది? ఓటర్ల జాబితా చూసి కాదు. ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు వచ్చి చౌరస్తాలో ఆగినప్పుడు తెలుస్తుంది. మండల కేంద్రంలో సభ ఉందంటారు. ఊరికి ఇంతమంది రావాలని లెక్క పెడతారు. తలకింత కూలి, ఒక బిర్యానీ పొట్లం, మగవాళ్లకు క్వార్టర్ సీసా. పొద్దున ఒక రంగు కండువా మెడలో పడుతుంది. వారం తిరగక ముందే అదే మెడలో ఇంకో రంగు కండువా పడుతుంది. దీన్నే మన నాయకులు ‘ప్రజాదరణ’ అంటున్నారు!

కూలి కోసం సభకు పోయే పేదలను మేము తప్పు పట్టడం లేదు. ఒక రోజు పని పోగొట్టుకుని ఎండలో కూర్చోబెడితే కూలి అడగరా? మేము తప్పు పడుతున్నది కూలి ఇచ్చి నోరు కొనుక్కునే వాళ్లను. కూలి తీసుకున్నవాడు చప్పట్లు కొట్టాలె తప్ప ప్రశ్న అడగొద్దు. అసలు గోస ఇక్కడే ఉన్నది. సభ అంటే నాయకుడు మాట్లాడి పోయే చోటు అయింది. జనం మాట్లాడే చోటు లేకుండా పోయింది.

తెలంగాణకు సభలు కొత్త కాదు. 2001 మే 17న కరీంనగర్ సింహగర్జన నుంచి 2010 డిసెంబర్ 16న వరంగల్ మహాగర్జన దాకా ఈ నేల ఎన్నో జనసముద్రాలను చూసింది. కానీ తెలంగాణ పెద్ద సభల్లోనే పుట్టలేదు. రచ్చబండల మీద, కుల సంఘాల ఇండ్లలో, ధూంధాం ఆటపాటల్లో, టీచర్లు, విద్యార్థులు పెట్టుకున్న చిన్న చిన్న మీటింగుల్లో పుట్టింది. భావజాల వ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అని జయశంకర్ సారు మూడు మెట్లు చెప్పిండు. మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టు మీదికి దూకితే ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది.

2006 డిసెంబర్‌లో కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలో ఉద్యమానికి వచ్చిన మెజారిటీ 2 లక్షల పైచిలుకు. ఏడాదిన్నర గడిచి 2008 ఉప ఎన్నికలు వచ్చేసరికి అదే చోట, అదే అభ్యర్థికి మెజారిటీ సుమారు 15 వేలకు దిగింది. రాజీనామా చేసిన 16 అసెంబ్లీ స్థానాల్లో 7, 4 లోక్‌సభ స్థానాల్లో 2 మాత్రమే మిగిలాయి. సభలకు జనం రాలేదా? వచ్చారు. సభకు వచ్చినవాళ్లంతా ఓటు వేస్తారనుకోవడమే దెబ్బ తీసింది.

మరి 2010 జూలైలో ఏమైంది? 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే 11 టీఆర్‌ఎస్, 1 బీజేపీ గెలిచాయి. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడే నిజామాబాద్ అర్బన్‌లో ఓడిపోయాడు. హెలికాప్టర్లు గెలిపించలేదు. 2009 డిసెంబర్ నుంచి ఊరూరా జేఏసీలు వేసిన రిలే దీక్షల టెంట్లు గెలిపించాయి. ఆ టెంట్ల కింద కూర్చున్నవాళ్లకు ఎవరూ కూలి ఇవ్వలేదు. వాళ్లే ఓటర్లు, వాళ్లే కార్యకర్తలు.

గెలిచినంత మాత్రాన పని అయిపోదని కూడా గుర్తుంచుకోవాలె. 1971లో తెలంగాణ ప్రజా సమితికి మన జనం 14 లోక్‌సభ స్థానాల్లో 10 కట్టబెట్టారు. అదే సంవత్సరం ఆ పార్టీ పోయి కాంగ్రెస్‌లో కలిసింది. ఓట్లు వేసిన ఊర్లను ఎవరడిగారు? గెలిపించే దాకా సభలు పెట్టి, గెలిచినంక సభ ఊసు ఎత్తకపోతే జరిగేది ఇదే.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. దాంతో పాటు సభలకు డబ్బు వచ్చింది. 2017లో వరంగల్ సభ ఖర్చుల కోసమని మంత్రులు, ఎమ్మెల్యేలు ‘గులాబీ కూలీ’ పేరుతో కాసేపు పనిచేసి లక్షల రూపాయల కూలి తీసుకున్నారు. చెమటోడ్చే కూలీకి అంత కూలి ఎవరిస్తారు? 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికలో మాకు డబ్బులు అందలేదని కొన్ని ఊర్ల ఓటర్లు రోడ్డెక్కారు. నీళ్లు, నిధులు, నియామకాల కోసం రోడ్డెక్కిన గడ్డ మీద నోట్ల కవరు కోసం ధర్నా! ఈ పాపం ఒక్క పార్టీది కాదు. గులాబీ, మూడు రంగులు, కాషాయం... ఏ రంగూ దీనికి దూరం లేదు.

అడిగే జనం ఎట్లా ఉంటారో కూడా ఈ గడ్డే చూపింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన నల్లగొండ జనం లోక్‌సభకు 480 మంది అభ్యర్థులను నిలిపి దేశం కండ్లు తెరిపించారు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. అధికారంలో ఉన్న పార్టీ సిట్టింగ్ ఎంపీ అక్కడ ఓడిపోయింది. ఏ నాయకుడూ వ్యాన్లు పంపి వాళ్లను జమ చేయలేదు. వాళ్ల సభలు వాళ్లే పెట్టుకున్నారు.

అందుకే మేము కోరేది ఒక్కటే. ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపాలిటీ, అసెంబ్లీ, ఎన్నిక ఏదైనా సరే, జనం నాయకుని సభకు పోవుడు కాదు, నాయకుడే జనం సభకు రావాలె. ఊరి ఖర్చుతో, ఊరి చెట్టు కింద సభ పెట్టండి. నిలబడ్డ అభ్యర్థులందరినీ ఒక్క వేదిక మీదికి పిలవండి. పది నిమిషాలు వాళ్లు మాట్లాడాలె, గంట సేపు మీరు అడగాలె. మహిళా సంఘాల అక్కలు, కౌలు రైతులు, గల్ఫ్‌కు పోయినోళ్ల ఇంటివాళ్లు, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ముందు వరుసలో కూర్చోవాలె. చెప్పిన ప్రతి మాటా రిజిస్టర్‌లో రాయించి సంతకం పెట్టించండి. రానన్నవాడికి ఓటు లేదనండి.

ఎన్నిక అయిపోయినంక కూడా రిజిస్టర్ మూయొద్దు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చెప్పింది. ఆ సభ సంతకాలకే పరిమితం కాకుండా చూసుకోండి. అభ్యర్థి ఇచ్చిన మాటను అక్కడ పైకి చదవండి.

కార్యకర్తలకు ఒక మాట. మీ నాయకుడు జనాన్ని తెమ్మంటే, ప్రశ్నలు తీసుకొస్తానని చెప్పండి. వ్యాన్ల లెక్క చూపిన కార్యకర్తకు టికెట్ల రోజు దక్కేదేమిటో మీకు తెలియంది కాదు.

కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో ఓటు కూడా కొట్లాడి కాపాడుకోవాల్సి రావడం బాధే. అయినా తప్పదు. సభ మనది, మైకు మనది. ప్రశ్న కూడా మనదే కావాలె!