‘జనరల్’ అంటే ఎవరిది?

ఎన్నికల వేళ మనం నిత్యం వాడే రెండు ఇంగ్లీషు మాటలు ‘రిజర్వుడ్’, ‘జనరల్’. మొదటిది దళితులది, ఆదివాసులది; రెండోది మిగతావారిది. వాడుకలో స్థిరపడిన అర్థం ఇదే. జనరల్ స్థానంలో టికెట్ అడిగిన మాల, మాదిగ నాయకునికి ‘మీకు రిజర్వుడ్ ఉంది కదా’ అన్న జవాబు ఎదురవుతుంది. ఆ జవాబుకు చట్టంలో ఆధారం లేదు.

అసలు ఈ రెండూ వ్యతిరేక పదాలుగా పుట్టలేదు. 1932 పూనా ఒప్పందం అణగారిన వర్గాలకు ప్రాంతీయ శాసనసభల్లో 148 స్థానాలు కేటాయించింది. వాటిని జనరల్ స్థానాల్లో నుంచే తీసింది. 1935 భారత ప్రభుత్వ చట్టమూ అదే బాట పట్టింది. అంటే రిజర్వుడ్ అన్నది జనరల్‌లో అంతర్భాగం. జనరల్‌కు బయట ఉన్నవి ముస్లింలు, సిక్కులు తదితరుల ప్రత్యేక నియోజకవర్గాలు. అంబేడ్కర్ కోరిన ప్రత్యేక నియోజకవర్గాలను ‘మీరు మాలో భాగమే’ అని పట్టుబట్టి మాన్పించినవారి వారసులే నేడు జనరల్ గడప దగ్గర ‘మీది అటు’ అని చెయ్యి చూపిస్తున్నారు.

ఈ వివాదం మన తెలుగు నేల మీదే తేలింది. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం ఇద్దరు సభ్యులది. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వు, రెండోది జనరల్. ఆదివాసీ అభ్యర్థి ఒకరు రిజర్వుడ్ స్థానం గెలిచారు. మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చిన డిప్పల సూరిదొర కూడా ఆదివాసే. ఆయన జనరల్ స్థానానికి ఎన్నికయ్యారు. ఓడినవారు సామాన్యులు కారు, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. షెడ్యూల్డు తెగ సభ్యునిగా ప్రకటించుకున్న వ్యక్తికి జనరల్ స్థానం చెల్లదని గిరి వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రిజర్వేషన్ వల్ల జనరల్ స్థానంపై ఉన్న హక్కు పోదని తేల్చింది.

ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను 1961లో చట్టం రద్దు చేసింది. అప్పటి నుంచి రిజర్వుడ్ ఒక ఊరు, జనరల్ మరో ఊరు అయ్యాయి. నా దృష్టిలో, మాటల మధ్య గోడకు ఈ భౌగోళిక విభజన కూడా ఒక కారణం. చట్టం మాత్రం మారలేదు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి జనరల్ స్థానంలో నిలబడినా సగం డిపాజిట్టే చెల్లిస్తాడు. వారు అక్కడా పోటీ చేస్తారని చట్టం ఊహించింది. పార్టీలే ఊహించవు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలకు 36, తెలంగాణలో 119కి 31 ఎస్సీ, ఎస్టీలకు రిజర్వు అయినవి. మిగిలిన 139, 88 ఎవరికీ కేటాయించినవి కావు. (చట్టసభల్లో ఏ రిజర్వేషనూ లేని బీసీలు పోటీ పడవలసిందీ వీటిలోనే, అక్కడ కూడా వారికి దక్కేది ఎంతో వేరే చర్చ.) వచ్చే ఎన్నికలకు ప్రతి పార్టీని ఒకే ప్రశ్న అడగాలి: ఈ జనరల్ స్థానాల్లో ఎన్ని బీ-ఫారాలు దళితులకు, ఆదివాసులకు ఇస్తారు? ఎన్నికల సంఘం కూడా తన పట్టికల్లో ‘జనరల్’ తీసేసి ‘అన్‌రిజర్వుడ్’ అని రాయవచ్చు. అందుకు రాజ్యాంగ సవరణ అక్కర లేదు.