తొలిబండికెంత బలము?

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన దినములలో కాశీబుగ్గలోను, టెక్కలిలోను మోటారు సైకిళ్ల దుకాణములు కళకళలాడుచుండును. ఉద్దానపు గ్రామములనుండి తండ్రీకొడుకులు కలసి వత్తురు. తండ్రి ధర అడుగును. కొడుకు ఎన్ని సి.సి.లని అడుగును. తండ్రి చూపు 100 సి.సి. బండిపై నిలుచును, కొడుకు చూపు అద్దముల దగ్గర నిలిపిన ఎఱ్ఱని 200 సి.సి. బండిని విడువదు. అరగంట వాదన పిమ్మట సాధారణముగా కొడుకే గెలుచును. "గుంటడు నేర్సీసుకుంటాడులే, ఏటవుద్ది!" అని వెంట వచ్చిన బంధువొకడు తీర్పు చెప్పును.

ఈ తీర్పు వినుటకు ఇంపైనదే. సరియైనది మాత్రము కాదు. బలమైన బండి చెడ్డదని ఎవరును అనరు. నడుపుట రాని చేతికి అది మొదటి బండి కాగూడదని మాత్రమే వాదము. 100, 125 సి.సి. బండిపై ఒక వానకాలము, ఒక ఎండకాలము గడచిన పిమ్మట పెద్దబండి సంగతి ఆలోచించినచో తొందరపడిన వారెవ్వరును నష్టపోరు.

పూర్వము ఈ వివాదమే లేదు. అందుకు కారణము నాటి యువకుల వివేకమని పెద్దలు చెప్పుకొందురు గాని, అసలు కారణము ధర. 1955లో మద్రాసులో బుల్లెట్టు, 1961లో మైసూరులో జావా తయారగుట మొదలైనను అవి సామాన్య గృహస్థునకు అందని పండ్లుగానే ఉండెను. పల్లెటూరి బాలుడు తండ్రి సైకిలు కడ్డీక్రింద కాలు దూర్చి తొక్కుట నేర్చును; ఉద్యోగమో వ్యాపారమో కుదిరిన పిమ్మట మోపెడ్డు కొనును; 1985లో వచ్చిన హీరో హోండా, యమహా 100 సి.సి. బండ్లు ఆ మెట్లలో పై మెట్టు. అంతకు మించినది కొనునాటికి వయస్సు ముప్పది దాటి, వెనుక సీటుపై భార్యాబిడ్డలు ఉండెడివారు. 2001లో పల్సరు, 2012లో డ్యూకు వచ్చినవి. అప్పు ఇచ్చు సంస్థలవారు దుకాణములోనే బల్ల వేసికొని కూర్చుండుట మొదలైనది. నెలవాయిదాలో ఐదారువందల తేడా మాత్రమే కనబడినప్పుడు నడుమ మెట్లు మాయమైనవి. ఇంతకాలము ధర చేసిన కాపలా పని ఇప్పుడు ఎవరును చేయుట లేదు.

ఉద్దానములో దీనికి తోడు మరియొక కారణము కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చెను. కొబ్బరిచెట్టు కూలుట ఒక రాత్రి పని. తిరిగి కాపునకు వచ్చుట ఏండ్ల పని. తోటపై ఆశ సన్నగిల్లిన యిండ్లకు దూరదేశములకు వలసపోయిన వారు పంపు సొమ్ము ఆధారమైనది. ఊరిలో లేని తండ్రి ఊరిలో ఉన్న కొడుకునకు తన ప్రేమను చూపు మార్గములలో బండి యొకటి. దూరమున ఉన్నవాడు బేరము చేయలేడు. కాదనుట అంతకంటె చేయలేడు.

ఇక బలము మాట. 100 సి.సి. బండి శక్తి సుమారు 8 అశ్వశక్తులు. డ్యూకు జాతిలో 390 బండి శక్తి 43 అశ్వశక్తులకు దరిదాపు. బరువు మాత్రము చిన్నబండికి ఒకటిన్నర రెట్లు. 350 సి.సి. బుల్లెట్టు వేరొక జాతి: శక్తి సుమారు 20, బరువు 190 కిలోలు. మొదటిదాని చిక్కు వేగము, రెండవదాని చిక్కు మోత. ఇంటిముందరి ఇసుకలో స్టాండు తీయబోయి బుల్లెట్టుక్రింద కాలు ఇరికించుకొనినవారు ప్రతి ఊరిలోను ఉందురు. వారు ఆ సంగతి బయట చెప్పుకొనరు, అంతే.

కొత్తవాడు భయపడినప్పుడు పిడికిలి బిగించును. అది మనుష్య స్వభావము. మోటారు సైకిలుపై కుడిచేయి వేగమును పెంచు పిడిని, ముందు చక్రపు బ్రేకును కూడ పట్టుకొనియుండును. ఆ పిడికిలి మెలిపడినచో చిన్నబండి ఒక కుదుపు కుదిపి ఊరకుండును. పెద్దబండి ముందుకు దూకును. ఒకే తప్పు, రెండు ఫలితములు. నేర్చుకొనుట యనగా తప్పులు చేయుటయే గనుక, తప్పు చవుకగా పోవు చోట నేర్చుకొనవలెను. ఈ జిల్లాలోని ఆమదాలవలస ప్రాంతమున పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110, 130 కిలోల బరువులనెత్తి కాంస్యపతకము గెలుచుకొనెను. వ్యాయామశాలలో అడుగిడిన మొదటి దినముననే ఆమె చేతికి 130 కిలోల బరువు నిచ్చు గురువు ఉండునా?

1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందము లాస్ ఏంజిలిస్ ప్రాంతపు 900 మోటారు సైకిలు ప్రమాదములను స్థలమునకు పోయి పరిశీలించి నివేదిక ప్రకటించెను. ప్రమాదమునకు లోనైనవారిలో సగముకంటె ఎక్కువమందికి ఆ బండితో పరిచయము ఐదు నెలలకు లోపే. నూటికి 92 మంది తమంతట తాము గాని, బంధుమిత్రుల వలన గాని నేర్చుకొనినవారు. ఆపదలో వారు వెనుక బ్రేకును అతిగా తొక్కి, ముందు బ్రేకును తగినంత వాడలేదు. పెద్దబండ్లు ప్రమాదములలో తక్కువగానే కనబడినవని కూడ ఆ నివేదిక చెప్పినది. పెద్దబండి పక్షమువారికి ఈ మాట మిక్కిలి ప్రియమైనది. అయితే, కనబడినచోట వాటిపై తగిలిన గాయములు మరింత తీవ్రమైనవన్న తరువాతి మాటను వారు ఎత్తరు.

లెక్కను విద్యార్థులే వేసికొనవచ్చును. గంటకు 40 కిలోమీటర్లనగా సెకనుకు సుమారు 11 మీటర్లు. ఎదుట ఆవు కనబడి చేయి బ్రేకునకు పోవుటకు ఒక సెకను పట్టినచో అప్పటికే 11 మీటర్లు గడచినవి; మంచి రోడ్డుపై ఆగుటకు మరి 12 మీటర్లు. వేగము 80 అయినచో మొదటిది 22, రెండవది 49. వేగము రెట్టింపైనప్పుడు ఆగు దూరము రెట్టింపు కాదు. బ్రేకు పని చేయు భాగము నాలుగు రెట్లగును. 71 మీటర్లు ఖాళీగా ఉండు దారి ఉద్దానములో ఎక్కడ?

ఇచ్చటి దారుల గుణము ఇచ్చటివారికి తెలియనిది కాదు. తోటల నడుమ మలుపులు తిరుగు సన్నని దారి. మలుపు దాటువరకు ఎదుట ఏమున్నదో కానరాదు. తారుపైకి గాలి తెచ్చిన ఇసుక, వానకు రాలిన కొబ్బరిమట్ట, కోతల కాలములో రోడ్డుపై ఆరబోసిన ధాన్యము, చేపల బండినుండి కారిన నీరు. ఆ సన్నని దారి ఉన్నట్లుండి కలకత్తా, చెన్నపట్టణముల నడుమ లారీలు పరుగులెత్తు 16వ జాతీయ రహదారిలో పడును. ఇసుక యెంత పని చేయునో తెలియుటకు 2021 సెప్టెంబరులో హైదరాబాదు తీగల వంతెన దగ్గర సినీనటుడు సాయి ధరమ్ తేజ్‌కు జరిగిన ప్రమాదము చాలును. ఆయన బండి రోడ్డుపై ఇసుకకు జారినది. తలపై హెల్మెట్టు ఉండుటచేత ప్రాణము దక్కినది. అంతకు పది సంవత్సరముల ముందు, 2011 సెప్టెంబరులో, అదే నగరపు ఔటర్ రింగ్ రోడ్డుపై 1000 సి.సి. బండి అదుపు తప్పి, క్రికెట్ క్రీడాకారుడు అజారుద్దీన్ కుమారుడు, మరియొక బాలుడు మరణించిరి. ఒకనికి 19 ఏండ్లు, మరియొకనికి 16. 

ఇన్నిటికంటె పెద్ద సంగతి వెనుక సీటు. ఉద్దానమును దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దాని మూలకారణము నేటికిని తేలలేదు. పలాస, సోంపేట, కవిటి వంటి చోట్ల డయాలసిస్ కేంద్రములు వెలసినవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. రోగి వారమునకు రెండు మూడు మారులు పోయి రావలసియుండును. ఆటో దొరకనినాడు, దొరికినను కిరాయి చాలనినాడు, ఇంటిలోని మోటారు సైకిలే ఆధారము. చికిత్స ముగిసి వచ్చు మనిషికి రక్తపోటు తగ్గి తల తిరుగవచ్చును. చేతులలో పట్టు ఉండదు. ఆ మనిషిని వెనుక కూర్చుండబెట్టుకొని కుదుపు లేకుండ నడుపుటలో అశ్వశక్తికి పనిలేదు. పందెపుబండి వెనుక సీటు ఎత్తున, ఇరుకుగా ఉండి, కూర్చున్నవారు మోకాళ్లు మడిచి ముందుకు వాలవలసియుండును. డయాలసిస్‌నుండి వచ్చు అరువదేండ్ల తల్లి దానిపై ఎట్లు కూర్చుండును? ఆ నడుపువాడే కాలు విరిగి మంచమెక్కినచో ఒక గాయముతో ఇద్దరి చికిత్స ఆగిపోవును. బండి ఎంచుకొనునప్పుడు కొడుకు ముందుసీటుపై కూర్చుండి చూచును. తల్లిని వెనుకసీటుపై కూర్చుండబెట్టి చూచువారు అరుదు.

ఎదుటిపక్షమున కొన్ని మంచి మాటలు లేకపోలేదు. చిన్నబండి రహదారిపై లారీల నడుమ వెనుకబడి నలుగునని అందురు. 2018 ప్రకటన ప్రకారము నాలుగు వరుసల జాతీయ రహదారిపై కూడ మోటారు సైకిలునకు గంటకు 80 కిలోమీటర్లే పరిమితి. ఆ వేగమును 100 సి.సి. బండి అందుకొనగలదు. అంతకు మించిన శక్తిని చట్టబద్ధముగా వాడుటకు చోటే లేదు. చక్రము బిగుసుకొని జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. బ్రేకు 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. దాటిన బండ్లకే తప్పనిసరి అయినది. కొత్తవారికి ఎక్కువ అవసరమైన సాధనము కొత్తవారి బండికి నాడు తప్పనిసరి కాకపోవుట విడ్డూరము. దానికొరకు 150 సి.సి. బండిని నెమ్మదిగల యువకుడు కోరినచో కాదనుట మూర్ఖత్వమే. చిన్నబండి ప్రాణము తీయదనుకొనుటయు పొరపాటు. దేశములో 2022లో రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనములవారే. వారిలో అత్యధికులు పెద్దబండ్లు ఎక్కినవారై యుండరు. అదే సంవత్సరము హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. ముగ్గురెక్కిన 100 సి.సి. బండి, హెల్మెట్టు పెట్టుకొనిన ఒక్కనితో పోవు 200 సి.సి. బండికంటె క్షేమమని ఎవరును చెప్పలేరు.

అయినను చట్టము ఈ విషయమున మౌనము వహించుట ఆశ్చర్యకరము. 1988 మోటారు వాహనముల చట్టము గేరు లేని బండి, గేరు గల బండి అను భేదమునే గుర్తించినది. 18 ఏండ్లు నిండి అభ్యాస లైసెన్సు పొందిన యువకుడు 30 దినముల పిమ్మట పరీక్ష నెగ్గినచో, 100 సి.సి. బండితో పాటు 1000 సి.సి. బండికిని అర్హుడే. బ్రిటనులో 17 ఏండ్లవాడు 125 సి.సి. దాటరాదు, 19కి మధ్యరకము, పూర్తి శక్తిగల బండికి 24 ఏండ్లు నిండవలెను, లేదా మధ్యరకముపై రెండేండ్లు గడపి 21 తరువాత మరల పరీక్ష ఈయవలెను. జపానులో 400 సి.సి. దాటిన బండికి వేరు లైసెన్సు. ఇచ్చట 2019 సవరణ, మైనరునకు బండి ఇచ్చిన పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేండ్లవరకు ఖైదు విధించినది. పదునెనిమిది నిండు దినమునకు ముందు అంత కఠినముగా నుండి, మరునాడు అంతయు వదలివేయుట ఏమి న్యాయము? చట్టము మారువరకు ఆ మెట్లను ఇల్లే కట్టుకొనవలెను.

పాఠశాలలకును ఇందులో పని కలదు. చలనమును, త్వరణమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయుడు ఒకనాడు పిల్లలను మైదానమునకు తీసికొనిపోయి సున్నముతో గీత గీయింపవచ్చును. గీత దగ్గర బ్రేకు పట్టిన సైకిలు ఎంత దూరములో ఆగినదో కొలిచి, వేగము కొంచెము పెంచి మరల కొలువవలెను. పిమ్మట నేలపై కాస్త ఇసుక చల్లి, నెమ్మదిగా, మరియొకసారి. ఈ ప్రయోగమునకు మోటారు బండి అక్కరలేదు. ఒక సైకిలు, ఒక టేపు, ఒక తట్టెడు ఇసుక చాలును. ఇసుకకు ఉద్దానములో కరవు లేదు.