నా పేరుతో ఎవరో రాసిన టపా

మొన్న ఓ శనివారం రాత్రి పదిన్నరకి కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, నీ ఆర్టికల్ చూసే చేశాను. సైట్లో ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. ఇప్పుడేం చెయ్యాలి?" గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

ఏ ఆర్టికల్‌రా బాబూ అంటే లింకు పంపాడు. మా కంపెనీ బ్లాగు. పైన నా ఫోటో, నా పేరు, కింద హోదా. చదువుకుంటూ పోతే అందులో ఒక్క వాక్యం కూడా నాది కాదు!

అసలు సంగతి మొదట్నుంచీ చెప్తాను. ఆర్నెల్ల క్రితం మా మార్కెటింగ్ వాళ్ళు ఇంజనీర్లతో బ్లాగు రాయించాలనుకున్నారు. నెలకి నాలుగు టపాలు, ఒక్కోటీ 1200 మాటలు, ఫలానా కీవర్డు ఇన్నిసార్లు రావాలి. వీటన్నిటి తర్వాత "కాస్త క్రియేటివ్‌గా రాయండి" అని ఒక మాట. (కాళ్ళూ చేతులూ కట్టేసి డాన్సు చెయ్యమన్నట్టు.) అయినా నాకు రాయడమంటే సరదా కాబట్టి సరేనన్నాను.

మేం చేసిన ఒక తప్పు గురించి రాశాను. పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద టేబుల్ మీద మామూలుగా ఇండెక్స్ పెడితే, అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్లోకి కొత్త రికార్డులు చేరవు, ఉన్నవి మారవు. చదవడం మాత్రం నడుస్తుంది. అందుకే పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 'కాంకరెంట్లీ' అనే మాట ఒకటి చేరిస్తే ఈ గొడవ ఉండదు, కాకపోతే ఎక్కువ సేపు పడుతుంది. ఆ ఒక్క మాట మర్చిపోయి ఓ సాయంత్రం కస్టమర్ల చేత తిట్లు తిన్నాం. ఇదీ నా టపా.

"బాగుంది కానీ, క్లయింట్లు చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. సరే, వెయ్యరు కాబోలు అని మర్చిపోయాను. వాళ్ళు మర్చిపోలేదు. దాన్ని బయట ఏజెన్సీకి ఇచ్చారు. ఆ ఏజెన్సీ ఏఐకి ఇచ్చింది. చివరికి 'డౌన్‌టైం లేకుండా డేటాబేస్ వేగం పెంచే 7 చిట్కాలు' తయారైంది. మా తప్పు మాయమైపోయింది. దాని బదులు "లైవ్ డేటాబేసులో ఇండెక్సును ఎప్పుడైనా నిశ్చింతగా చేర్చవచ్చు" అన్న వాక్యం వచ్చి కూర్చుంది. నేను వద్దని మొత్తుకున్న పనినే నా పేరుతో చెయ్యమని చెప్పారన్నమాట. హతవిధీ!

ఆ రాత్రి మావాడి చేత నడుస్తున్న కమాండు ఆపించాను. ఆర్డర్లు మళ్ళీ కదిలాయి. నేను రాసింది కాదురా అని చెప్పబోతే వాడు అన్న మాట ఇది: "నీ పేరు చూసే కదన్నా నమ్మాను. లేకపోతే ఇలాంటివి నెట్లో వందుంటాయి."

రెండ్రోజులు ఆ మాటే బుర్రలో తిరిగింది. ఇప్పుడు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. బ్లాగైనా పాడ్‌కాస్టైనా మార్కెటింగులో పని చేసేది నమ్మకం. ఆ నమ్మకం కంపెనీది కాదు, దాని కింద పేరున్న మనిషిది.

మన ఫీల్డులోనే చూడండి. జోయెల్ స్పోల్‌స్కీ 2000లో బ్లాగు మొదలుపెట్టాడు. అదే ఏడాది ఫాగ్ క్రీక్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. సాఫ్ట్‌వేర్ టీం ఎంత బాగుందో తేల్చుకోవడానికి పన్నెండు ప్రశ్నలిచ్చిన 'జోయెల్ టెస్ట్' రాసింది కూడా అప్పుడే. అందులో తన ప్రోడక్టు కొనమని బతిమాలుకోలేదు. చదివినవాళ్ళకి పనికొచ్చేది చెప్పాడు. 2008 ఏప్రిల్లో ఇతనూ, 'కోడింగ్ హారర్' బ్లాగు రాసే జెఫ్ అట్‌వుడ్ కలిసి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. అప్పటికి ప్రోడక్టే లేదు! ఏం కట్టబోతున్నారో, ఎలా కట్టాలో జనం వింటుండగానే వాదించుకునేవారు. ఆ సెప్టెంబర్లో సైటు అందరికీ తెరిచేసరికి ఎదురుచూసేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. అదే స్టాక్ ఓవర్‌ఫ్లో. మనలో ఎంతమంది ఉద్యోగాలు నిలబెట్టిందో వేరే చెప్పక్కర్లేదు :)

క్రియేటివిటీ అంటే కొత్త నినాదాలు పుట్టించడం అనుకుంటాం. అమెరికాలో బ్లెండ్‌టెక్ అనే మిక్సీల కంపెనీ ఉంది. దాని యజమాని టామ్ డిక్సన్ మిక్సీలు గట్టివో కాదో చూడ్డానికి వాటిలో చెక్క ముక్కలేసి తిప్పేవాడు. లోపల ఉన్నవాళ్ళకి అది రోజూ జరిగే టెస్టింగే. మార్కెటింగ్ మనిషి ఒకాయన అది చూసి, దీన్నే వీడియో తీస్తే పోలా అనుకున్నాడు. 2006లో అవి యూట్యూబులోకి వచ్చాయి. 2007లో కొత్తగా వచ్చిన ఐఫోన్‌ని కూడా మిక్సీలో వేసి పొడి చేశారు. ఆయన దేన్నీ కల్పించలేదు. కళ్ళముందు జరుగుతున్నదాన్ని గుర్తుపట్టాడు, అంతే.

మా పాడ్‌కాస్ట్ సంగతి దీనికి పూర్తిగా రివర్సు. మీటింగ్ రూములో ఖరీదైన మైకులు, ముందే రాసిన ప్రశ్నలు, ముందే రాసిన జవాబులు. ఒకరు చదువుతారు, ఇంకొకరు "గ్రేట్ క్వశ్చన్" అంటారు. మాలో మేమే వినం, ఇక బయటివాళ్ళెందుకు వింటారు? అదే అంతస్తులో సపోర్ట్ టీం అమ్మాయి ఒకామె ఉంది. క్యాంటీన్లో టీ తాగుతూ కస్టమర్ల కథలు చెప్తుంటే పక్క టేబుల్ వాళ్ళు కూడా కుర్చీలు జరుపుకుని వింటారు. మా సాఫ్ట్‌వేరు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ విసిగిస్తుందో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఆమె ముందు మాత్రం ఎవ్వరూ మైకు పెట్టలేదు. "ఇంగ్లీషు అంత బాగోదు" అన్నారు. మా కస్టమర్లలో సగంమంది ఆమెతో మాట్లాడేది తెలుగులోనే!

మార్కెటింగ్ వాళ్ళని ఆడిపోసుకోవడం మనకి భలే సరదా. వాళ్ళ బాధ కూడా చెప్పాలి. నెల తిరిగేసరికి లీడ్స్ ఎన్నొచ్చాయని వాళ్ళనే నిలదీస్తారు. గూగుల్లో మొదటి పేజీలో లేకపోతే కంపెనీ లేనట్టే. ఇక మనం? "రాసివ్వండి" అంటే "స్ప్రింట్లో ఉన్నాం" అంటాం. మనం ఇవ్వకపోతే వాళ్ళు ఏఐ దగ్గరకి వెళ్ళక ఎక్కడికెళ్తారు?

కానీ ఆ దారి కూడా ఎక్కువ దూరం పోదు. ముక్కూ మొహం లేని టపాలు గుట్టలుగా పోసే సైట్లని 2011లో పాండా అప్‌డేట్‌తో గూగుల్ కిందకి తోసింది. 2024 మార్చిలో, ర్యాంకుల కోసమే పేజీలు కుప్పలుగా తయారుచెయ్యడాన్ని స్పామ్ కింద లెక్కగట్టింది, మనిషి రాసినా యంత్రం రాసినా సరే. నన్నడిగితే ఏఐ వాడటం తప్పు కాదు. అక్షరదోషాలు దిద్దించుకోండి, వాక్యాలు చక్కబెట్టించుకోండి. కాకపోతే ఆ సాయంత్రం తిట్లు తిన్నది అది కాదు, మేము. ఆ అనుభవం మా దగ్గరే ఉంది.

సోమవారం వెళ్ళి మూడడిగాను. ఒకటి, నా పేరుతో ఏది వేసినా చివరి కాపీ నేను చూడాలి. రెండు, ఆ వాక్యం తీసేసి తప్పు చెప్పామని టపాలోనే రాయాలి. మూడు, పాడ్‌కాస్టులో సపోర్ట్ అమ్మాయిని కూర్చోబెట్టాలి, తెలుగులో, స్క్రిప్టు లేకుండా. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి రెండు వారాలు పట్టింది. తప్పు సంగతి నాలుగు మెయిళ్ళు రాశాక గానీ పైకెక్కలేదు. మూడోది "చూద్దాం" దగ్గర ఆగింది. మన ఆఫీసుల్లో "చూద్దాం" అంటే ఏంటో మీకు తెలుసుగా.

దిద్దిన టపా లింకు మావాడికి పంపాను. "ఇప్పుడు నువ్వు రాసినట్టుంది అన్నా" అన్నాడు.

ఓసారి మీ కంపెనీ బ్లాగులో మీ పేరు వెతికి చూసుకోండి. ఏం దొరికిందో నాకూ చెప్పండి.