చివరి తొమ్మిది హోల్స్ చెప్పే నిజం

68, 68, 79, 76. రియో ఒలింపిక్స్‌ (2016) మహిళల గోల్ఫ్‌లో అదితి అశోక్ నాలుగు రోజుల స్కోర్లివి. అప్పుడామెకు 18 ఏళ్లు. పాఠశాల చదువు ముగిసింది ఆ ఏడాదే, ప్రొఫెషనల్‌గా మారిందీ ఆ ఏడాదే. మొదటి రెండు రోజులు చూసి దేశం పతకం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా టీవీల ముందు కూర్చున్నారు. మూడో రోజుకు కథ ముగిసింది. చివరకు ఆమెకు దక్కింది ఉమ్మడిగా 41వ స్థానం.

గోల్ఫ్‌లో స్కోరు తక్కువైతేనే గొప్ప. ఒక రౌండ్‌కు 18 హోల్స్. నిపుణుడైన ఆటగాడు వాటిని ఎన్ని దెబ్బల్లో పూర్తి చేయాలన్న ప్రమాణమే పార్. రియోలో అది 71. అంటే గురువారం తెరమీద కనిపించిన క్రీడాకారిణి పార్ కంటే మూడు దెబ్బలు మెరుగు, మర్నాడు కనిపించిన అదే క్రీడాకారిణి ఎనిమిది దెబ్బలు వెనుక. ఒక్క రాత్రిలో ఎవరూ ఆట మరచిపోరు. మరి ఆ పదకొండు దెబ్బలు ఎక్కడి నుంచి వచ్చాయి? గాలి, కోర్సు, అనుభవలేమి, ఒత్తిడి... కారణాలు చాలానే ఉంటాయి. కానీ మన క్రీడా చర్చల్లో ఎప్పుడూ వెనుక బెంచీలో కూర్చునే కారణాలు రెండున్నాయి. ఒకటి అలసట, రెండోది అరకొర సన్నద్ధత.

గోల్ఫ్‌లో అలసటేమిటని చాలామందికి నవ్వొస్తుంది. పరుగెత్తరు, గుద్దులాడరు, చెమట తుడిచేందుకు తువ్వాలు, సంచీ మోసేందుకు క్యాడీ ఉంటారు. ఇది పొరపాటు అభిప్రాయం. ఒక రౌండ్ పూర్తయ్యేసరికి ఆటగాడు ఎత్తుపల్లాల మీద ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు నడుస్తాడు. నాలుగైదు గంటలు ఎండలో ఉంటాడు. పెద్ద టోర్నీల్లో వరుసగా నాలుగు రోజులు ఇదే పని. దానికి ముందు ప్రాక్టీసు రౌండ్లు, తర్వాత రేంజిలో కొట్టే వందలాది బంతులు అదనం.

అంతకన్నా పెద్ద భారం మెదడు మీద పడుతుంది. ఒక స్వింగ్‌కు పట్టే సమయం రెండు సెకన్ల లోపే. 70 దెబ్బలన్నీ కలిపినా రెండున్నర నిమిషాలు దాటదు. మిగతా నాలుగు గంటలూ నడవడం, ఆగడం, ఆలోచించడం. గాలి ఎటు, దూరం ఎంత, ఏ క్లబ్ తీయాలి, నీటి గుంట మీదుగా కొట్టాలా, పక్కనుంచి పోవాలా? క్రికెట్‌లో బంతి వచ్చాక స్పందిస్తారు. ఇక్కడ బంతి కదలకుండా ఎదురుచూస్తుంటుంది. తప్పు చేయడానికి కావలసినంత వ్యవధి ఇస్తుంది.

అలసట ముందు కాళ్లను పట్టుకుంటుంది. స్వింగ్ శక్తి నేల నుంచి కాళ్లు, నడుము, భుజాల మీదుగా చేతుల్లోకి రావాలి. కాళ్లు బరువెక్కితే ఆ పని చేతులే చేయబోతాయి. క్లబ్ ముఖం బంతిని తాకే కోణం కాస్త మారుతుంది. ఆ కాస్త ఎంత? 200 గజాల దూరంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే బంతి మూడున్నర గజాలు పక్కకు పోతుంది. మూడు డిగ్రీలైతే పది గజాలకు పైనే. పచ్చిక మధ్యలో పడాల్సిన బంతి ఇసుక గుంటలోనో, చెట్ల కిందనో పడటానికి అంత చాలు. ఉదయం మొదటి హోల్ దగ్గర ఈ తేడా రాదు. పదమూడో హోల్ తర్వాత వస్తుంది.

తర్వాత దెబ్బతినేది నిర్ణయం. తాజాగా ఉన్న ఆటగాడు చెట్ల మధ్య ఇరుక్కున్న బంతిని బుద్ధిగా పక్కకు తట్టి, ఒక దెబ్బ నష్టంతో బయటపడతాడు. అలసినవాడు కొమ్మల సందులోంచి కొట్టి అద్భుతం చేయాలనుకుంటాడు. ఒక దెబ్బతో పోయేది మూడు దెబ్బలకు వెళ్తుంది. ఆఖరున పటింగ్. పార్ లెక్క హోల్‌కు రెండు పట్‌ల చొప్పున 36 దెబ్బలు, అంటే పార్ 72 కోర్సులో సరిగ్గా సగం, గ్రీన్ మీదే కేటాయిస్తుంది. 108 మిల్లీమీటర్ల వెడల్పున్న గుంటలో బంతిని వేయడానికి బలం అక్కర్లేదు. కానీ చూపు, లెక్క, వణకని చేయి కావాలి. ఒంట్లో నీరు తగ్గితే ముందు మందగించేవి ఇవే.

ఈ పాఠం నేర్చుకోవడానికి ఒలింపిక్స్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనున్న కోర్సులోనో, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లోనో ఆదివారం ఉదయం నిలబడితే చాలు. శనివారం రాత్రి విందు, నాలుగు గంటల నిద్ర, కారు దిగి బూట్లు మార్చుకుని నేరుగా మొదటి టీ మీదికి. ఒళ్లు వేడెక్కకుండానే డ్రైవర్ తీసి శక్తికొద్దీ కొట్టడం. మొదటి మూడు హోల్స్‌లో పోయేవి సన్నద్ధత లేక పోయిన దెబ్బలు. ఎండ ముదిరాక చివరి నాలుగు హోల్స్‌లో పోయేవి అలసట తిన్న దెబ్బలు. మధ్యలో ఆడిందే ఆయన అసలు ఆట. క్లబ్‌హౌస్‌లో మాత్రం నింద కొత్తగా కొన్న క్లబ్ మీద పడుతుంది.

వృత్తి ఆటగాళ్లూ దీనికి అతీతులు కారు. బ్రిటిష్ ఓపెన్ (2001) చివరి రోజున ఇయాన్ వూస్నమ్ ఉమ్మడి ఆధిక్యంలో బరిలోకి దిగాడు. మొదటి హోల్‌లో బర్డీ కొట్టాడు. రెండో టీ దగ్గర తెలిసింది, సంచీలో 15 క్లబ్‌లున్నాయని. నిబంధన ప్రకారం 14కు మించకూడదు. ప్రాక్టీసులో వాడిన రెండో డ్రైవర్‌ను తీసేయడం క్యాడీ మరచాడు. రెండు దెబ్బల జరిమానా పడింది. చివరకు ఉమ్మడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2010 ఆగస్టులో జిమ్ ఫ్యూరిక్ వంతు వచ్చింది. సెల్‌ఫోన్ బ్యాటరీ అయిపోయి అలారం మోగలేదు. ప్రో-యామ్ ఆటకు ఆలస్యమయ్యాడు. టోర్నీ నుంచే అనర్హుడయ్యాడు. ఒక్క బంతి కూడా కొట్టకుండా ఓడిపోవడం గోల్ఫ్‌లోనే సాధ్యం.

అయితే అలసటను జయించి గెలిచినవారు లేరా? ఉన్నారు. 1964 యూఎస్ ఓపెన్ ఆఖరి రోజున, నాటి పద్ధతి ప్రకారం ఒకే రోజు 36 హోల్స్ ఆడాలి. భయంకరమైన ఎండలో కెన్ వెంచురికి ఒంట్లో నీరంతా ఇంకిపోయింది. ఇక ఆడొద్దని వైద్యుడు హెచ్చరించాడు. వెంచురి వినలేదు. వైద్యుణ్ణి పక్కన నడిపించుకుంటూ ఆడి గెలిచాడు. టైగర్ వుడ్స్ 2008 యూఎస్ ఓపెన్‌ను విరిగిన కాలి ఎముకతో 91 హోల్స్ ఆడి నెగ్గాడు. ఇలాంటి కథలు మనకు మహా ఇష్టం. కానీ వాటి రెండో భాగం ఎవరూ చెప్పరు. వెంచురి ఉదంతం తర్వాత నిర్వాహకులు ఒకే రోజు రెండు రౌండ్ల పద్ధతికి స్వస్తి చెప్పి, 1965 నుంచి టోర్నీని నాలుగు రోజులకు మార్చారు. వుడ్స్ మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుని మిగతా సీజన్‌కంతా దూరమయ్యాడు. అదే వుడ్స్ 2018 సెప్టెంబర్‌లో అయిదేళ్ల తర్వాత అట్లాంటాలో తొలి విజయం సాధించి, ఆ వెంటనే రైడర్ కప్‌కు పారిస్ వెళ్లాడు. ఆడిన నాలుగు మ్యాచ్‌లూ ఓడాడు. వీరత్వం మినహాయింపు. శరీరం లెక్కే నియమం.

మళ్లీ అదితి దగ్గరకు వద్దాం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె స్కోర్లు 67, 66, 68, 68. ఒకే ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానం. గమనించాల్సిందేమిటంటే, ఆ ఏడాదే ఆమె కోవిడ్ బారిన పడి కోలుకుంది. ఒంట్లో సత్తువ తగ్గిందని, బంతి మునుపటంత దూరం పోవడం లేదని తనే చెప్పింది. కసుమిగాసెకి కోర్సులో కాల్చేసే ఎండ. అక్కడ ఒక క్యాడీ వడదెబ్బతో మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. అయినా నాలుగు రోజుల్లో అత్యధిక, అత్యల్ప స్కోర్ల మధ్య తేడా రెండే దెబ్బలు. రియోలో అది పదకొండు. బలం తగ్గినా ఆట నిలిచింది. లేని దూరం కోసం వెంపర్లాడకుండా, ఉన్న పటర్‌ను నమ్ముకుని ఆడటం వల్ల. ఆ అయిదేళ్లలో పెరిగింది కండ కాదు, సన్నద్ధత.

సన్నద్ధత కూడా పూచీకత్తు కాదని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు (2023) చూపించాయి. 67, 66, ఆపై నమ్మశక్యం కాని 61. ఏడు దెబ్బల ఆధిక్యం. చివరి రోజు 77. స్వర్ణం థాయ్‌లాండ్‌కు పోయి మనకు రజతం మిగిలింది. భారత మహిళా గోల్ఫర్‌కు ఆసియా క్రీడల్లో అదే తొలి వ్యక్తిగత పతకం. అది పండగే. కానీ ఆ పదహారు దెబ్బల తేడాను ‘దురదృష్టం’ అని దాటేయడం ఆమెకూ న్యాయం కాదు, తర్వాత వచ్చేవారికీ పాఠం కాదు.

టోక్యోలో మరో స్కోర్‌కార్డు కూడా ఉంది. దాని గురించి ఎవరూ రాయలేదు. వేరే దేశపు క్రీడాకారిణి తప్పుకోవడంతో దీక్షా డాగర్‌కు పోటీకి కొద్ది రోజుల ముందే పిలుపు వచ్చింది. హడావుడిగా టోక్యో చేరింది. మొదటి రోజు 76, చివరి రోజు 70. స్థానం ఉమ్మడిగా 50. కోర్సు అర్థమయ్యేసరికి పోటీ అయిపోయింది. ఆలస్యానికి ఆమె బాధ్యురాలు కాదు. కానీ రిజర్వు జాబితాలో ఉన్న క్రీడాకారిణిని కూడా వెళ్లబోయే మనిషిలాగే సిద్ధం చేసి ఉంచడం ఒక వ్యవస్థ చేయాల్సిన పని. దాహం వేసినప్పుడు బావి తవ్వడం మన క్రీడా యంత్రాంగానికి అలవాటు.

పతకం వస్తే లక్షల నజరానా ప్రకటించడానికి ప్రభుత్వాలకు ఒక్క పూట చాలు. ఆ పతకానికి కావలసినవి అంత ఆర్భాటంగా ఉండవు. పోటీకి ముందు పదిరోజుల విశ్రాంతి, వెంట ఒక ఫిజియోథెరపిస్టు, కోర్సును ముందే కొలిచి రాసుకున్న పుస్తకం, టైమ్ జోన్‌కు ఒంటిని అలవాటు చేసుకునే వ్యవధి. వీటిని ఫొటో తీయలేం, రిబ్బన్ కత్తిరించలేం. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలిస్‌లో జరుగుతాయి. వేసవిలో అక్కడికీ మనకూ తేడా పన్నెండున్నర గంటలు, అంటే మన పగలు వాళ్ల రాత్రి. అమెరికా టూర్‌లోనే ఆడేవారికి ఇబ్బంది ఉండకపోవచ్చు. ఇక్కడి నుంచి చివరి వారంలో విమానం ఎక్కేవారికి మాత్రం మొదటి రౌండ్ గగనంలోనే మొదలైపోతుంది. టోక్యోలో కాంస్యానికి, నాలుగో స్థానానికి మధ్య ఉన్నది ఒక్క దెబ్బ. ఒక రాత్రి మంచి నిద్ర విలువ కూడా సరిగ్గా అంతే కావచ్చు.