గోడ వెనుక ఏడ్పు



పిల్లలకు దయ్యాల కథలంటే భయమూ ఉంటుంది, ఇష్టమూ ఉంటుంది. దుప్పటి ముసుగు వేసుకొని మరీ వింటారు. అలాంటి కథ ఒకటి ఈ నెల మీ ముందుంచుతున్నాను. దాని పేరు ‘ది సీక్రెట్ గార్డెన్’, అనగా రహస్యపు తోట. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ అనే రచయిత్రి వ్రాయగా 1911లో పుస్తకంగా వెలువడింది. చివరివరకు చదివినా ఇందులో దయ్యమేమీ కనబడదు గాని, పెద్దలు దాచిన సంగతులు ఒక బిడ్డను దయ్యంకన్న ఎక్కువగా పీడించాయని తెలుస్తుంది.

కథ మన దేశంలోనే, దొరల పాలన కాలంలో మొదలవుతుంది. మేరీ లెనాక్స్ ఒక ఆంగ్లేయ అధికారి కుమార్తె. తల్లికి విందులు వినోదాలే లోకం. బిడ్డను ఆయాకు అప్పగించి, తన కంటబడకుండా ఉంచమన్నది. అంతలో కలరా వచ్చి తల్లి, తండ్రి, ఆయా ముగ్గురూ చనిపోయారు. బ్రతికిన నౌకర్లు పారిపోయారు. ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉన్నదన్న సంగతే ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

తరువాత ఆమెను ఇంగ్లండులోని యార్క్‌షైరుకు, మామయ్య ఇంటికి పంపారు. అది ఆరువందల ఏళ్ళనాటి భవనం. సుమారు 100 గదులు, వాటిలో చాలావాటికి తాళాలే. బయట గాలి హోరుమంటుంటే లోపల ఎక్కడో ఒక బిడ్డ ఏడ్చినట్లు మేరీకి వినబడింది. అడిగితే పనిపిల్ల, అది గాలి శబ్దమన్నది. కాదంటే, వంటింటి పిల్లకు పంటినొప్పి అన్నది. ఇల్లు చూసే పెద్దావిడైతే నీవేమీ వినలేదని గద్దించింది.

ఒక వానరాత్రి మేరీ కొవ్వొత్తి పట్టుకొని ఆ ఏడ్పు వెంట వెళ్ళి ఒక తలుపు తెరిచింది. మంచం మీద తన ఈడు కుర్రవాడు ఏడుస్తున్నాడు. నీవు దయ్యానివా అని వాడు అడిగాడు, నీవు దయ్యానివా అని ఈమె అడిగింది! వాడు కాలిన్, మామయ్య సొంత కుమారుడు. వాడున్నాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సంగతేమంటే, పదేళ్ళ క్రితం వాని తల్లి తోటలో చెట్టుకొమ్మ మీద కూర్చుండగా కొమ్మ విరిగింది. మరునాడు ఆమె చనిపోయింది. బిడ్డ దక్కాడు. తండ్రి ఆ దుఃఖంలో తోటకు తాళం వేసి, తాళంచెవి మట్టిలో పాతిపెట్టాడు. బిడ్డ కళ్ళు తల్లి కళ్ళలాగే ఉండుటచేత, వాడు నిద్రపోయేటప్పుడే వచ్చి చూసి పోయేవాడు. తండ్రికి వీపు వంకర. కొడుకుకూ గూని వస్తుందేమోనని వైద్యుడు, దాదులు గుసగుసలాడుకునేవారు. కాలిన్ ఆ మాటలు విన్నాడు. గూని వస్తుంది, నేను పెద్దవాణ్ణి కాకమునుపే చస్తాను అని నమ్మి మంచం దిగడం మానుకున్నాడు.

ఒక రాత్రి వీపులో గడ్డ తగిలిందని వాడు కేకలు పెడితే, మేరీ కోపగించి, దాదిచేత చొక్కా పైకి తీయించి చూసింది. అక్కడ ఏమీ లేదు. అప్పుడు దాది అన్నదేమంటే, వీడు అలా అనుకుంటున్నాడని నాకు తెలియదు, తెలిస్తే గడ్డ లేదని నేనే చెప్పేదాన్నని. ఒక్క మాటతో పోయే భయం అది. కాని ఆ బిడ్డను అడిగినవారు లేరు. తరువాత ఏమైందో చెప్పి మీ పిల్లల ఆనందం పాడుచేయను.

ఈ రచయిత్రి పెద్ద కుమారుడు లయొనెల్ 1890లో క్షయతో చనిపోయాడు. ఆ జబ్బు సంగతి చివరివరకు వానికి తెలియనీయకుండా ఆమె దాచింది. ప్రేమచేతనే దాచింది. అలాంటి తల్లి చేతినుండే ఈ కథ వచ్చింది.

మన ఇళ్ళలోనూ ప్రేమచేతనే దాస్తాము. తల్లి చనిపోతే ‘అమ్మ ఊరికెళ్ళింది’ అంటాము. జబ్బు, అప్పు, అన్నదమ్ముల తగవు వసారాలో మెల్లగా మాట్లాడుకుంటాము. బిడ్డ రాగానే నోరు మూసుకుంటాము. గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెవులు తరచుగా మన పిల్లలవే. సగం విని, మిగతా సగం తామే కల్పించుకుంటారు. ఇదంతా నా వల్లనే జరిగిందని కూడా అనుకుంటారు.

అన్నీ చెప్పమని నేననను. బిడ్డ మోయగలిగినంతే చెప్పండి. చెప్పలేనిదైతే ‘ఇప్పుడు కాదు, నీవు పెద్దవాడివయ్యాక చెబుతాను’ అనండి. అదీ నిజమే. అబద్ధం మాత్రం వద్దు. ముందుగా, ‘నీవేమి విన్నావు? ఏమనుకుంటున్నావు?’ అని అడగండి.

ఈ పుస్తకం చదివించేవారికి రెండు మాటలు. మేరీ తన ఆయాను కొడుతుంది, మన దేశస్థులను చులకన చేస్తుంది. అది ఆనాటి దొరల గర్వం. దాటవేయక, అది తప్పని చెప్పండి. తోటలో కలిగిన మేలును కాలిన్ ‘మ్యాజిక్’ అంటాడు. విశ్వాసులలో కొందరికి ఆ మాట నచ్చకపోవచ్చు. కాని అదే తోటలో వారు దేవునికి స్తుతికీర్తన కూడా పాడతారు. రెంటిని గూర్చి పిల్లలతో మాట్లాడండి.

పుస్తకంలో 27 అధ్యాయాలున్నాయి. ఇంగ్లీషు తెలిసినవారు రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్క అధ్యాయం తెలుగులో చెప్పుకుంటూ పోతే నెలలోపు ముగుస్తుంది. కాలిన్ ఏడ్పు వినబడే చోట కాసేపు ఆగండి. మీ బిడ్డ ఏదైనా అడగవచ్చు.