పిల్లల పంటి ఎక్స్‌రే: ఏప్రన్ మీద భ్రమ, గొట్టం మీద మరుపు

పిల్లాడి పన్ను పుచ్చిందని డెంటిస్టు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఎక్స్‌రే మాట వినగానే సీసపు ఏప్రన్ కోసం చూస్తారు. అది కప్పితేనే వాళ్ల ప్రాణం కుదుటపడుతుంది. కానీ ఆ ఏప్రన్‌తో పాటు మెడకు కట్టే థైరాయిడ్ పట్టీ కూడా ఇక అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. పిల్లలకైనా, గర్భిణులకైనా అదే మాట. పైగా అవి కిరణాలకు అడ్డొచ్చి ఫొటో చెడితే మళ్లీ తీయాలి.

మరి కాపాడేది ఏది? యంత్రం మూతి. చాలాచోట్ల అది గుండ్రటి గొట్టం, చివర సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు. చిన్నపిల్లల నోట్లో పెట్టే ఫిల్మేమో దాదాపు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల పొడవు. లెక్క కట్టి చూస్తే, కిరణాలు పడిన మేరలో ఐదో వంతే ఫిల్ముకు చేరుతుంది. మిగతాదంతా బుగ్గకీ దవడకీ ఊరికే తగులుతుంది. ఆ మూతికి కిరణాలను ఫిల్ము మేరకు కుదించే దీర్ఘచతురస్రపు కొలిమేటర్ తగిలిస్తే డోసు సగం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. దానితో గురి కాస్త తప్పినా ఫొటోలో ఒక మూల తెల్లగా తెగిపోతుంది కాబట్టి డాక్టర్లు జంకుతారు. ఫిల్మును పట్టి ఉంచే హోల్డరు వాడితే ఆ బెడద చాలావరకు తీరుతుంది.

భయం మితిమీరనక్కర్లేదు. ఒక చిన్న పంటి ఫొటోకు అయ్యేది కొద్ది మైక్రోసీవర్టులే. ప్రకృతి నుంచి మనిషికి సగటున రోజూ ఆరేడు మైక్రోసీవర్టులు ఎలాగూ అందుతాయి. ఎక్స్‌రే వద్దని మొండికేస్తే పళ్ల సందుల్లోని పుచ్చు కంటికి ఆనకుండా వేరు దాకా పోవచ్చు.

అసలు పేచీ సీబీసీటీతో. ఈ త్రీడీ స్కాన్ డోసు పదుల నుంచి వందల మైక్రోసీవర్టుల దాకా ఉంటుంది. ఎదిగే పిల్లల థైరాయిడ్ రేడియేషన్‌ను పెద్దల కన్నా తక్కువగా తట్టుకుంటుంది. అదేమో దవడకు కూతవేటు దూరంలోనే ఉంది. అందుకే పిల్లలకు రేడియేషన్ తగ్గించమని చెప్పే, 2014లో పంటి వైద్యం వైపు వచ్చిన ఇమేజ్ జెంట్లీ ప్రచారం, ఆ స్కాన్‌ను తప్పనిసరైతేనే వాడమంది. క్లిప్పులు వేయించుకునే ప్రతి పిల్లకీ అలవాటుగా స్కాన్ రాయడాన్ని వైద్యం అనలేం. పాలపళ్ల మధ్య ఖాళీలుండి పక్కలు కంటికి కనిపిస్తుంటే చిన్న ఫొటో కూడా అక్కర్లేకపోవచ్చు.

మన దేశంలో పంటి ఎక్స్‌రే యంత్రాలు అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో ఉన్నాయి. క్లినిక్కు రిజిస్ట్రేషన్ అడిగినప్పుడే, పిల్లల కోసం దీర్ఘచతురస్రపు కొలిమేటర్ ఉందా అని మండలి గట్టిగా నిలదీయాలి. తల్లిదండ్రులు మాత్రం ఏప్రన్ సంగతి పక్కనపెట్టి, ఈ ఫొటో ఎందుకు, దీన్ని బట్టి వైద్యం ఏం మారుతుంది అని డాక్టరుని అడగొచ్చు.