పాత బిల్లుకి కొత్త రేటా?

ఐటమ్ టేబుల్లో "టాక్స్ శాతం" అని ఒకే ఒక్క కాలమ్ పెట్టి చేతులు దులిపేసుకునే ప్రోగ్రామర్లంటే నాకు ఒళ్ళు మంట. అందులో మొదటివాణ్ణి నేనే కాబట్టి తిట్టే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

గజపతినగరంలో మా మావయ్యకి సిమెంటు, పెయింట్ల కొట్టుంది. 2018లో, ఇంజనీరింగ్ చదువుతుండగా, నా ప్రతాపం చూపిద్దామని ఆయనకో బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చా. ఏడేళ్ళు బాగానే నడిచింది (అదే కొంప ముంచింది). 2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. "ఐటమ్ మాస్టర్లోకెళ్ళి 28 తీసేసి 18 కొట్టు మావయ్యా" అని ఫోన్లో దర్జాగా చెప్పా. నెల తిరక్కుండానే ఆయన దగ్గర్నుంచి ఫోను.

"ఏట్రా అల్లుడూ ఇది? ఆగస్టు బిల్లు మళ్ళీ ప్రింటు తీస్తే మూడువేలు తగ్గిపోయి వస్తంది. నా దగ్గర ఎక్కువ లాగేసినావని ఆ కాంట్రాక్టరు కొట్లో అందరి ముందూ అడిగేసినాడు."

లెక్క చూడండి. పన్ను కాక బస్తా 300 చొప్పున 100 బస్తాలు. ఆగస్టులో 28 శాతంతో 38,400 వసూలు చేశాడు. ఇప్పుడు అదే బిల్లు నంబరు, అదే తేదీతో 35,400 అని వస్తోంది. ఎందుకంటే నా ప్రోగ్రాం రేటుని బిల్లులో దాచుకోలేదు. ప్రింటు తీసినప్పుడల్లా ఐటమ్ టేబుల్‌తో జాయిన్ చేసి తెస్తోంది. ఒకే సమాచారం రెండుచోట్ల ఉండకూడదని కాలేజీలో నార్మలైజేషన్ బట్టీ పట్టాం కదా, అక్కడే పప్పులో కాలేశాం. ఐటమ్ టేబుల్లో ఉన్నది ఇవాళ్టి రేటు. బిల్లులో ఉండాల్సింది ఆరోజు వసూలు చేసిన రేటు. ఇవి రెండూ ఒకే సమాచారం ఎలా అవుతాయండీ? ఆగస్టు సరుకు వెనక్కొస్తే క్రెడిట్ నోటు కూడా 28 తోనే రాయాలి మరి.

ఇక రెండో తప్పు. మనలో చాలామంది అమెరికా క్లయింట్లకి పనిచేసినవాళ్ళమే. అక్కడ రాష్ట్రానికో రేటు, కౌంటీకో రేటు, ఊరికో రేటు. అందుకని "లొకేషన్ ఇస్తే రేటు వస్తుంది" అనే టేబుల్ మన బుర్రల్లో ముద్రపడిపోయింది. 2017 జులై 1 నుంచి ఇక్కడ కథ వేరు. సిమెంటు గజపతినగరంలో అమ్మినా కోరాపుట్‌కి పంపినా 18 శాతమే. చోటు మారితే మారేది రేటు కాదు, ఆ డబ్బు ఏ పద్దులోకి వెళ్ళాలన్నది. రాష్ట్రంలోపలైతే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ 18. అంటే రేటుని నిర్ణయించేది తేదీ, పన్ను రకాన్ని నిర్ణయించేది చోటు. ఈ రెంటినీ ఒకే టేబుల్లో కుక్కకండి.

పోనీ ఆ చోటైనా సరిగ్గా పట్టుకున్నామా? నేను కస్టమర్ టేబుల్లో "రాష్ట్రం" అని పెట్టా. పై కాంట్రాక్టరుది ఇక్కడి జీఎస్టీ నంబరే, 37తో మొదలవుతుంది. (నెట్లో దొరికే లిస్టులు చూసి 28 పెట్టేరు, అది ఉమ్మడి రాష్ట్రానిది.) కానీ ఆయనకి ఒడిశాలో పొట్టంగి దగ్గరా ఓ సైటుంది. మావయ్య వ్యాను సాలూరు ఘాటెక్కి సరుకు అక్కడ దింపితే ఆ బిల్లుకి ఐజీఎస్టీ. అదే మనిషి, అదే సిమెంటు, దింపిన చోటు మాత్రం వేరు. కాబట్టి రాష్ట్రం కస్టమర్ గుణం కాదు, బిల్లు గుణం. తప్పు పడితే ఏమవుతుందంటారా? ఐజీఎస్టీ కొత్తగా కట్టి, ముందు కట్టిన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. దానిమీద వడ్డీ పడదు, నిజమే. కానీ ఆ వాపసు చేతికొచ్చేదాకా చిన్నకొట్టు పెట్టుబడి ఇరుక్కుపోతుంది.

"పిన్‌కోడ్ బట్టి రాష్ట్రం తెచ్చేస్తే పోలా" అని ఒక మిత్రుడి సలహా. బాబూ, సాలూరు అవతల కొటియా గ్రామాలని 21 ఉన్నాయి. మావంటే మావని ఆంధ్రా, ఒడిశా దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాయి. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్ళున్నారక్కడ. వాళ్ళకి నీ పిన్‌కోడ్ టేబుల్ ఏం చెప్తుంది? చట్టమే నయం. జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారైతే 2023 అక్టోబర్ 1 నుంచి బిల్లు మీద రాసిన చిరునామాయే లెక్క, రాష్ట్రం పేరు రాసినా చాలు. ఏదీ రాయకపోతే కొట్టున్న చోటే. అంటే అడిగి రాసుకోవాల్సింది కౌంటర్లో కూర్చున్న మావయ్య, ఊహించాల్సింది మన కోడు కాదు.

ఇప్పుడు రేట్ల టేబుల్‌కి అమలు తేదీ పెట్టా. బిల్లులో ప్రతి లైనుకీ రేటు, పన్ను మొత్తం, సరఫరా చోటు రాసేస్తున్నా, ఒకసారి రాశాక ముట్టుకునే పనిలేదు. పాతవి మాత్రం మావయ్య ఫైళ్ళలోని కాగితం బిల్లులు చూసి ఒక్కొక్కటే దిద్దుతున్నా, శనాదివారాలన్నీ దానికే. ఆ కాంట్రాక్టరుకి ఆగస్టు బిల్లు అసలు కాపీ చూపిస్తే ఊరుకున్నాడు గానీ, మావయ్య ఇప్పటికీ ప్రతి బిల్లూ కాలిక్యులేటర్ మీద ఇంకోసారి కొట్టి చూసుకుంటున్నాడు.